దారం చుట్టిన తీగ

"వీధి మలుపు దాకా వచ్చేసిందట. టాక్సీలో ఉంది. రికార్డులన్నీ వెంట తెస్తోందట," అంటూ మా ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి నా వైపు చూశారు.

నేను తలెత్తలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు అస్తరు ఊడదీస్తున్నాను. నిన్న సాయంత్రం నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అనుకోవలసినవన్నీ నిన్ననే అనేసుకున్నాం.

"నిన్నే," అన్నారు.

"వినబడింది. మీ అక్క వస్తోంది. తన పెట్టె తను తీసుకెళ్లడానికి వస్తోంది. అందులో నాతో చెప్పడానికేముంది?"

"అసలు అది బాగైందని అక్కకి చెప్పమన్నదెవరు?"

"మీ కూతురే చెప్పింది. నాన్న నీ పాత పెట్టెని బతికించాడత్తా అని నిన్న ఫోన్లో సంతోషం పట్టలేక చెప్పింది. దాని నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ దాని కళ్లెదుటే మూడు నెలలు టంకం వేశారు. ఇప్పుడు తప్పు దానిదా?"

ఆయన అరచేతిలో నాలుగు మరలు పట్టుకుని, వాటిని గలగలలాడిస్తూ కిటికీ దగ్గరి బల్ల చుట్టూ తిరిగారు. బల్ల మీద ఆ పెట్టె ఉంది, రికార్డుల పాటలని స్పీకర్లలో పలికించే ఆంప్లిఫయరు. మూత తీసి ఉంది. కొత్త తీగలూ కొత్త కెపాసిటర్లూ లోపల బడికి తయారైన పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇంకా పూర్తవలేదని చెబుదామా?" అన్నారు చివరికి. "ఇంకో నెల పరీక్షించి చూడాలని. తొందరపడితే మళ్లీ కాలిపోతుందని."

"మీరు చెప్పుకోండి. నేను చెప్పను. నా వంతు అబద్ధం నేను అప్పుడే ఆడేశాను."

"నువ్వేం ఆడావు? ఆ రోజు నోరే విప్పలేదుగా."

"అదే నా వంతు."

ఎనిమిది నెలలైంది ఆ మాటకి. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, చనిపోయిన నెలకే ఈ పెట్టె మూగబోయింది. వదిన తమ్ముణ్ణి పిలిచింది. మా ఆయన చేసేది లిఫ్టుల మెకానిక్కు పని. పిచ్చి మాత్రం పాత ఆంప్లిఫయర్ల మీద. అందులోనూ ఈ మోడల్ మీద ఆయనకి పదిహేనేళ్లుగా కన్నుంది. అక్కా, ఎప్పుడైనా అమ్ముతావా అని పరాచికంగా అడిగేవారు. ఆ రోజు మూత విప్పి చూస్తే, అగ్గిపుల్లలో సగమంత ఉండే గాజు ఫ్యూజు మాడి ఉంది. అంతే. మిగతా పెట్టంతా గుండ్రాయిలా ఉంది. మాడిన ఫ్యూజు నాకూ కనబడింది, టార్చి పట్టుకున్నది నేనే కాబట్టి.

ఆయన మూత వేసేసి, "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందక్కా. ఇక ఇది లేవదు. పాతసామాన్లోకి వేసుకోవడమే," అన్నారు.

నేను టార్చి ఆర్పేశాను.

పాతసామానే కదా అని పెట్టెని మా ఇంటికి తెచ్చేసుకున్నాం. బదులుగా మేమిచ్చింది ఒక చిన్న స్పీకరు డబ్బా. ఆయన కంపెనీ వాళ్లు ఉద్యోగులందరికీ ఊరికే పంచిపెట్టారు. మా అలమర మీద దుమ్ము కొట్టుకుంటూ పడి ఉండేది. అది ఇద్దామన్న మహా ఆలోచన నాదే. ఇంతకన్నా చవకబేరం ఏ సంతలోనూ కుదరదు. "నాకెందుకే అమ్మాయ్, కొత్తది," అని వదిన తీసుకోవడానికి మొహమాటపడింది. ఫరవాలేదు వదినా, తీసుకోండి అని నేను ఆవిడ చేతిలో పెట్టాను, ఏదో దానం చేస్తున్నట్టు.

"సాయంత్రం నాలుగింటికి వాళ్లు కూడా వస్తున్నారు," అన్నారాయన, మరలు బిగిస్తూ. వాళ్లంటే ఆయనలాగే పాత పెట్టెల పిచ్చి ఉన్న స్నేహితులు. ఈ పెట్టె పలుకుతుంటే వినాలని నెల రోజుల నుంచి ఉవ్విళ్లూరుతున్నారు. "ఇప్పుడు దీన్ని అక్క పట్టుకుపోతే వాళ్లకేం చెప్పను?"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. వాళ్లకి చెప్పేదాని గురించి కాదు, మీ అక్కకి చెప్పేదాని గురించి ఆలోచించండి."

"ఏం చెప్పమంటావు? ఫ్యూజు పోయిందని తెలిసీ నీ దగ్గర కొట్టేశానని చెప్పమంటావా?"

"ఆ."

"చెప్పి?"

చెప్పి ఏమవుతుందో నాకూ తెలియదు. ఆయనకంటే పద్నాలుగేళ్లు పెద్దది వదిన. తల్లి మంచాన పడితే ఆయన్ని తన ఇంట్లో పెట్టుకుని బడికి పంపింది. ఆయన ఎవరికైనా భయపడతారంటే ఒక్క అక్కకే. భయం కాదేమో. అక్క కళ్లలో తను చిన్నబోవడం ఆయన ఊహించుకోలేరు.

మెట్ల మీద చప్పుడైంది. ఆయన చివరి మర బిగించి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు.

వదిన ఒక చేత్తో రికార్డుల సంచీ, ఇంకో చేత్తో అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అరవై నాలుగేళ్లు. వెన్ను ఇంకా కొలబద్దలా ఉంటుంది. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. మా వాళ్లందరూ చాటుగా ఆవిడని మహారాణి అంటారు. పిలిస్తే పలకదు. ఎదురుపడి పలకరించినా ఒక్కోసారి చూడనట్టే వెళ్లిపోతుంది. నలుగురు కూర్చున్న చోటికి వస్తే తన చోటు తనే ఎంచుకుని, "నువ్వు ఇటు రా," అని మనుషుల్ని జరిపేస్తుంది. కొత్త కోడలిగా నేను పక్కన కూర్చోబోతే కూడా అదే మాట, "అటు కాదు, ఇటు రా." ఆ రోజు నేను చాలా చిన్నబుచ్చుకున్నాను. ఆ కసితోనేనేమో, మహారాణి ముందు శంఖం ఊదినట్టు అని సామెత మార్చి మా వంటింట్లో అనేదాన్ని. విన్నవాళ్లందరూ పడీ పడీ నవ్వేవాళ్లు.

"ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తావు. నీ ఇంటికి మాత్రం మూడంతస్తుల మెట్లు," అంది తమ్ముడితో, ఆయాసపడుతూ.

"రండి వదినా, కూర్చోండి. మంచినీళ్లు తెస్తాను," అన్నాను.

"ముందిది తీసుకోమ్మా." అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. మేమిచ్చిన స్పీకరు డబ్బా. దాని కవరు, దాని తీగ, చివరికి దాని వాడకం కాగితం కూడా మడత నలగకుండా లోపల పెట్టి ఉంది. "నా పెట్టె నాకొచ్చాక మీ వస్తువు నా దగ్గరెందుకు? పిల్లకి పనికొస్తుంది. నేను ఎక్కువ వాడలేదులే, కొత్తగానే ఉంది."

నేను ఆ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కింద పెట్టడానికి కూడా చోటు తోచలేదు.

వదిన తమ్ముడి దగ్గరికెళ్లి ఆయన తల మీద చెయ్యి వేసింది. యాభై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా తల వంచారు.

"చచ్చిందన్నదాన్ని లేపావురా. మూడు నెలలు కూర్చున్నావట, పిల్ల చెప్పింది. సెలవులన్నీ దీనికే పెట్టావట. ఈ రోజుల్లో తోబుట్టువు కోసం ఇంత ఎవరు చేస్తారు?"

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డారు. నేను వంటింట్లోకి వెళ్లి, గ్లాసులో నీళ్లు నిండి పొంగిపోతున్నా కుళాయి కట్టకుండా కాసేపు ఉండిపోయాను.

తిరిగి వచ్చేసరికి వదిన పెట్టె ముందు నిలబడి ఉంది. వేళ్లతో పైచెక్కని నిమురుతోంది.

"ఇది మాదేనా?" అంది.

"మీదే అక్కా. చెక్క నునుపు పట్టి పాలిష్ చేశాను."

"ఇక్కడ గుండ్రటి మరక ఉండాలి. మీ బావగారి టీ గ్లాసు మరక. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా అక్కడే పెట్టేవారు."

"పోయిందక్కా. మరకని పట్టి పట్టి తీశాను."

"పోయిందా? పోనీలే. మంచిదే."

ఆయన గబగబా మీట నొక్కారు. ముందువైపు గాజు వెనక నీలం దీపం వెలిగింది.

"పసుపు దీపం ఉండేది కదరా?"

"అది మాడిపోతుందక్కా. ఇది కొత్త రకం, జన్మలో మాడదు."

"ఓహో."

ఇరవై ఏళ్లుగా వదిన ఓహోలు వింటున్నాను. ఇంత చిన్నది ఎప్పుడూ వినలేదు.

ఆయనకి మాత్రం ఊపొచ్చింది. పెట్టె గురించి మాట్లాడుతుంటే ఆయన పాపపుణ్యాలన్నీ మర్చిపోతారు. ముప్ఫై రెండు కెపాసిటర్లు మార్చానన్నారు. వాల్యూమ్ తిప్పితే గరగరమనేది, ఇప్పుడు వెన్నలా తిరుగుతుందన్నారు. వెనకవైపు తుప్పు పట్టిన పిన్నులు తీసేసి ఇత్తడివి వేశానన్నారు. "ఫ్యాక్టరీలో తయారైన రోజు కూడా ఇలా పలికి ఉండదక్కా. అందుకే అంటున్నాను, ఇంకో నెల ఇక్కడే ఉంచితే..."

"ముందు విందాం," అంది వదిన.

ఆయన కుర్చీని రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో, టేపుతో గుర్తు పెట్టిన చోట వేశారు. వదిన ఆ కుర్చీ లాక్కెళ్లి కుడి స్పీకరు పక్కన వేసుకుంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. స్పీకరు కుడి భుజం పక్కనుంది.

"అక్కా, అక్కడ కాదు. మధ్యలో కూర్చుంటేనే దీని మజా."

"నాకిక్కడే బాగుంటుంది."

మహారాణి, అనుకున్నాను లోపల. అలవాటు ఎక్కడికి పోతుంది?

సంచీలోంచి ఒక రికార్డు తీసి ఇచ్చింది. నలిగిన అట్టని ఎవరో ఎంతో నేర్పుగా గుడ్డపట్టీతో అతికారు. అన్నయ్యగారి పని అది. ఆయన పుస్తకాల బైండరు. మా ఆయన దాన్ని ప్లేయరు మీద పెట్టి, సూదిని పసిపిల్ల బుగ్గ మీద వేలు పెట్టినంత మెల్లగా దించారు.

పాత పాట. ఇద్దరు పాడింది. ఇంత ఆలస్యమెందుకని ఆమె అడుగుతుంది, దారిలో వాన పట్టుకుందని అతను చెబుతాడు. గొడుగేమైందంటుంది, ఎవరికో ఇచ్చేశానంటాడు. పాటంతా అంతే, అడగడం, చెప్పడం. నిజం చెప్పొద్దూ, పెట్టె అద్భుతంగా పలికింది. ఆమె గొంతు కుడి స్పీకర్లోంచి, అతని గొంతు కిటికీ పక్క ఎడమ స్పీకర్లోంచి, మనుషులు గదిలోకొచ్చి కూర్చున్నట్టే ఉంది. మా ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు.

వదిన తల ఊపడం లేదు. ముందుకి వంగి, నుదురు చిట్లించి, దేనికోసమో వెతుకుతున్నట్టు వింటోంది.

"ఆయన మాట్లాడడేం?" అంది.

"ఎవరక్కా?"

"పాటలో ఆయన. ఆమె అడుగుతోంది. జవాబు రావడం లేదు."

"వస్తోందిగా! అదిగో, ఎడమ స్పీకర్లో." వాల్యూమ్ పెంచారు.

వదిన ఇంకొంచెం విని అడ్డంగా తలూపింది. "ఎక్కడో పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టుంది. ఇంట్లో లేడు."

మా ఆయన సూది ఎత్తేశారు. మెకానిక్కు మొహం పెట్టి, "అది స్టీరియో అక్కా. ఆ కాలంలో ఒక గొంతు ఇటు, ఒక గొంతు అటు విడగొట్టి రికార్డు చేసేవాళ్లు. ఇన్నాళ్లూ నువ్వు విన్నది కలగాపులగం. అసలు పాట ఇదీ," అన్నారు.

"లోపల ఒక తీగ ఉండాలి. దారం చుట్టి ఉంటుంది. ఉందా?"

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"అది... తీసేశానక్కా. తప్పు కనెక్షను అది. రెండు వైపులా వచ్చేదాన్ని ఒకటిగా కలిపేసి..."

"తప్పు కాదురా. మీ బావగారు కట్టారు."

ఆయనకి తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. మైనం పట్టించిన బైండరు దారం అది. అన్నయ్యగారి బైండింగు బల్ల కింద కూర్చునే మా ఆయన లెక్కలు చేసుకున్నారు చిన్నప్పుడు. ఆ దారం ఆయన ఎక్కడున్నా గుర్తుపడతారు. గుర్తుపట్టీ దాన్ని ఫొటో తీసి, ఏ మహానుభావుడి పనితనమో చూడండి అని స్నేహితులకి పంపారు. బూట్లు కుట్టేవాడెవడో ఆంప్లిఫయరు కుట్టాడని ఒకాయన రాశాడు. అది నాకు చదివి వినిపించారు. ఇద్దరం నవ్వుకున్నాం.

"నాకు ఎడమ చెవి వినబడదురా," అంది వదిన.

రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు మా ఆయన.

"ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. నీకప్పుడు పదేళ్లు. జ్వరమొచ్చి తగ్గింది, చెవి పోయింది. ఎక్స్ఛేంజిలో తెలిస్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. కుడి చెవికే పెట్టుకుని ముప్ఫై ఏళ్లు లాగించాను. పెళ్లైన వారానికల్లా మీ బావగారు కనిపెట్టేశారు. ఆయన ఒక్కరే."

"ఉద్యోగం అయిపోయాకైనా మాకు చెప్పొచ్చుగా అక్కా!"

"అప్పటికి పొగరని పేరొచ్చేసింది." వదిన నవ్వింది. "చెవుడనిపించుకోవడం కంటే పొగరనిపించుకోవడమే నయమనుకున్నాను. మహారాణి అంటారటగా నన్ను? బాగానే ఉందిలే పేరు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. అన్నయ్యగారు పోయిన రోజు నేను వదిన పక్కన కూర్చుని, ఏడుస్తూ, ఏవో నాలుగు ఓదార్పు మాటలు చెప్పాను. ఆవిడ నా వైపు తలైనా తిప్పలేదు. ఇంత దుఃఖంలోనూ ఆ బిగువేమిటని ఇంటికొచ్చి వారం రోజులు సాధించాను మా ఆయన్ని. ఏ వైపు కూర్చున్నానో ఇప్పుడు లెక్కపెట్టుకుంటే తెలిసింది. అటు కాదు ఇటు రా అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నా సామెత కూడా గుర్తొచ్చింది. నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

"పాట సగమే వినబడుతోందని ఒకసారి అన్నాను," అంది వదిన. "ఎవరో రేడియో మెకానిక్కుని అడిగి కాగితం మీద బొమ్మ గీయించుకొచ్చి, ఒక ఆదివారమంతా దీని ముందు కూర్చున్నారు. రెండు స్పీకర్లలోనూ ఇద్దరూ పలికేలా చేశారు. టంకం మీద ఆయనకి నమ్మకం లేదు. పుస్తకం కుట్టినట్టు కట్టేశారు. పోనీలే, నీకేం తెలుసు. తెలిసి తీశావా?"

నేను లేచాను. మిషను పక్కన నా గుండీల డబ్బా ఉంది. మూత తీసి, రంగురంగుల గుండీల కింద వెతికి పట్టుకున్నాను. రెండంగుళాల తీగ. దాని మీద రెండు చిన్న రెసిస్టర్లు, వాటి చుట్టూ సన్నటి గోధుమరంగు దారం, కొసన ముడి ఎక్కడుందో తెలియని ముడి. మా ఆయన చెత్తబుట్టలో పడేస్తే నేను తీసి దాచాను. అభిమానంతో కాదు. ముప్ఫై ఏళ్లుగా దారంతో బతుకుతున్నదాన్ని, ఆ ముడి ఎలా వేశారో నేర్చుకుందామని.

వదిన అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కాసేపు చూసి, బొటనవేలితో దారం మీద రాసింది.

"అరగంటక్కా. అరగంటలో మళ్లీ వేసేస్తాను," అన్నారు మా ఆయన. చేతికి పని దొరికినందుకు బతికిపోయినట్టు మరలు విప్పడం మొదలెట్టారు. మనిషి దాక్కోవడానికి పనిని మించిన చోటు లేదు.

టంకం కడ్డీ వేడెక్కుతోంది. వదిన ఆ పొగ వైపే చూస్తూ, "ఒరేయ్, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అంది.

ఆయన చెయ్యి ఆగింది.

"ఇది ఆగిపోయే ముందు రోజు నేను తడిగుడ్డతో తుడిచాను. ఆయన ఎప్పుడూ పొడిగుడ్డే వాడమనేవారు. ఆ రోజు దుమ్ము వదల్లేదని తడిపాను. నువ్వేమో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్నావు. నీళ్లు చేరితే కాలుతుందట, పక్కింటాయన చెప్పాడు. నా చేత్తో నేనే చంపాను కదూ?"

"కాదక్కా!"

"ఆయన పోయాక నాకని మిగిలింది ఇదొక్కటే. నెల తిరక్కుండా దాన్నీ పోగొట్టుకున్నానని ఎనిమిది నెలల్నుంచి నాకు అన్నం సహించలేదురా. రికార్డుల అలమర వైపు వెళ్లలేదు. నిజం చెప్పు. ఏమీ అనుకోను."

మా ఆయన కడ్డీ స్టాండులో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టారు. నోరు తెరిచారు. చెబుతారనుకున్నాను. దేవుడా, చెప్పించు అనుకున్నాను.

"నీ వల్ల కాదక్కా. పాతబడింది. అంతే. దాని వయసైపోయింది."

"నన్ను ఓదార్చడానికి నువ్వు చిన్నప్పట్నుంచీ ఇలాగే అంటావు," అంది వదిన. కళ్లు తుడుచుకుంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. మిగిలిన రోజులన్నీ కూడా ఆ తడిగుడ్డని మోస్తుందని తెలుస్తూనే ఉంది.

నేను చెప్పొచ్చు. ఫ్యూజు వదినా, నేనూ చూశాను అని ఒక్క మాట. తమ్ముడు చెప్పాల్సింది మధ్యలో నేనెవర్ని అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఖాళీ నీళ్ల గ్లాసు తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను. అది మళ్లీ టార్చి ఆర్పేయడమేనని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

అరగంట కాదు, ముప్పావుగంట పట్టింది. పాత దారం నలగకుండా, అన్నయ్యగారు ఎక్కడ కట్టారో సరిగ్గా అక్కడే అతికారు. మూత పెట్టలేదు. మరలు పక్కనే వదిలేసి, రికార్డు పెట్టి, సూది దించారు.

ఇంత ఆలస్యమెందుకని ఆమె అడిగింది.

దారిలో వాన పట్టుకుందని అతను చెప్పాడు. కుడి స్పీకర్లోనే, వదిన భుజం పక్కనే చెప్పాడు.

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. పెదవులు కదులుతున్నాయి. ఆమె అడిగే మాటలు వదిలేసి, అతని జవాబులు మాత్రమే అంటోంది.

అప్పుడు మా ఆయన లేచారు. మెల్లగా వెళ్లి వదిన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎడమ పక్కన. కుర్చీ చెయ్యి పట్టుకుని, మొహం ఆవిడ చెవి దగ్గరికి తీసుకెళ్లారు.

"ఫ్యూజక్కా," అన్నారు. గుమ్మంలో ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది. "ఫ్యూజు ఒక్కటే పోయింది. నువ్వేమీ చెయ్యలేదు. నాకు ఆ రోజే తెలుసు. ఇది నాక్కావాలనిపించింది. అందుకని చచ్చిపోయిందని చెప్పాను. నన్ను క్షమించు."

పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు. మోకాళ్ల మీదే వెనక్కి జరిగి నా వైపు చూశారు. చెప్పేశాను చూడు, అన్నట్టు చూశారు.

ఏ చెవికి చెప్పారో ఆయనకి తెలుసు. నాకు తెలుసు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు ఎప్పుడూ అంత అసహ్యం వెయ్యలేదు. వెంటనే, ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో దాక్కున్న నా మీద నాకు ఇంకా ఎక్కువ వేసింది.

పాట అయిపోయింది. రికార్డు తిరుగుతూనే ఉంది, సూది చివరి గాడిలో గరగరమంటోంది. ఎవరూ ఎత్తలేదు.

వదిన కళ్లు తెరవలేదు. ఎడమ చెయ్యి ఎత్తి మెడ మీద ఒకసారి తడుముకుంది, ఏదో తగిలినట్టు. తర్వాత కుడి పక్కన, కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టింది.

"ఊపిరి తగిలిందిరా. ఏదో అన్నావు," అంది. "ఇటు వచ్చి చెప్పు."